హార్మోనాయ నమః

బట్టతలకు హార్మోన్లు, మోకాళ్ళ నొప్పికి హార్మోన్లు, అత్తాకోడళ్ళ తగాదాకూ హార్మోన్లే. ఇన్నాళ్ళూ లివర్ ఒక్కటే ఎలాగో తప్పించుకు తిరిగింది. ఇప్పుడు అదీ దొరికిపోయింది. గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ దాకా ఏ బస్టాండు గోడ చూసినా అదే కరపత్రం, ఏ ఫోను తెరిచినా అదే వీడియో. లివర్ క్యాన్సర్‌కు మూలం హార్మోన్ రిసెప్టర్లట. వాటిని కడిగి పెట్టే కోర్సు మూడు వారాలట. మా మేనమామ కొడుకు ఆ వీడియో పంపి ఊరుకోలేదు, "చదువుకున్నోనివి, గింత కూడ తెల్వదా బామ్మర్దీ?" అని కింద రాశాడు.

తెల్వదు బావా. రిసెప్టర్ అంటే కణంలో ఉండే ప్రొటీన్ అనీ, హార్మోన్ వచ్చి పట్టుకుంటే జన్యువులకు ఆజ్ఞ చేరవేస్తుందనీ మాత్రమే నాకు తెలుసు. దానికి దుమ్ము పడుతుందనీ, పండక్కి దులపాలనీ ఎవరూ చెప్పలేదు.

కోర్సులో ఆఖరి రాత్రి అసలు ఘట్టం. ముందు విరేచనాలకు ఎప్సమ్ ఉప్పు. ఆ తర్వాత ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి గటగటా తాగి, కుడిపక్కకు తిరిగి పడుకోవాలి. తెల్లారేసరికి పచ్చటి ఉండలు పడతాయి. వాటిని ఏరి, కడిగి, తెల్ల పళ్ళెంలో పేర్చి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. ఇక చూడండి పోటీ! "అన్నా, నాకు నలభై పడ్డయ్." "నాకు అరవై, ఒక్కోటి రేగ్గాయంత." నమ్మరేమోనని కొందరు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి మరీ తీస్తున్నారు. ఏళ్ళ తరబడి రిసెప్టర్లను పట్టుకు వేలాడిన హార్మోన్ల మురికి అదేనని ఆ కోర్సు నడిపే గురువుగారి ఉవాచ.

ఆ ఉండల గుట్టు 2005లోనే రట్టయింది. న్యూజిలాండ్‌లో ఒకావిడ ఇలాగే నూనె, నిమ్మరసం తాగి, పడ్డవాటిని డాక్టర్లకు చూపించింది. వాళ్ళు పరీక్ష చేసి 'లాన్సెట్' పత్రికకు రాశారు. అందులో కొలెస్టరాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. ముప్పావు వంతు కొవ్వు ఆమ్లాలే. 40 డిగ్రీల వేడి తగిలేసరికి పది నిమిషాల్లో కరిగి పచ్చటి నూనె అయి కూర్చున్నాయి. తాగిన నూనే నిమ్మరసంతో కలిసి కడుపులో సబ్బు కట్టిందన్నమాట.

అంటే మా బావ వేలు పోసి తన పొట్టలో సబ్బు వండుకున్నాడు. అదీ ఒంటికి రుద్దుకోవడానికి పనికిరాని సబ్బు. నమ్మకం కుదరకపోతే ల్యాబు దాకా పోనక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం ఆ పళ్ళెం తీసుకెళ్ళి గద్వాల కోట గోడ మీద పెట్టండి. హార్మోన్ల మురికి అంతా ధారగా కిందికి కారుతుంది. అది కూడా ఫొటో తీసి గ్రూపులో పెట్టండి.

ఈ వ్యాపారంలో కడుపు మండించేది అబద్ధం కాదు, అందులో కలిపిన చిటికెడు నిజం. లివర్ క్యాన్సర్ ఆడవాళ్ళకంటే మగవాళ్ళకు రెండు మూడింతలు ఎక్కువ. 2007లో శాన్ డియేగో శాస్త్రవేత్తలు ఈస్ట్రోజన్ లివర్‌లో వాపును పెంచే ఒక సంకేతాన్ని అణచి ఆడ ఎలుకల్ని కాపాడుతోందని చూపించారు. హెపటైటిస్ బి వైరస్ జన్యువుల్లో ఆండ్రోజన్ రిసెప్టర్ వచ్చి అతుక్కునే చోటు కూడా ఉంది. మగ హార్మోన్ ఆ వైరస్‌కు ఊపునిస్తుంది.

మరైతే ఆ రిసెప్టర్లకు అడ్డం పడితే సరిపోదా? డాక్టర్లూ అలాగే ఆశపడ్డారు. రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్‌ను ఇటలీలో దాదాపు 500 మంది లివర్ క్యాన్సర్ రోగులతో పరీక్షించారు. 1998లో ఫలితం వచ్చింది, ఒక్క నెల ఆయుష్షు కూడా పెరగలేదు. మోతాదు చాలలేదేమోనని ఆసియా పసిఫిక్ దేశాల్లో పెంచి చూశారు. 2002 నాటికి తేలిందేమిటంటే, మోతాదు పెంచినకొద్దీ రోగులు ఇంకా ముందే పోయారు. మగ హార్మోన్‌ను ఆపే మందులూ అంతే. పరీక్ష పెట్టారు, ఓడారు, ఓడామని అచ్చేసుకున్నారు. మన కరపత్రం ఆయన ఏ పరీక్షా రాయకుండానే ఫస్టుక్లాసులో పాసయ్యాడు. పైగా ఆయన అంగట్లో ఎడమ అర మీద మగ హార్మోన్ తగ్గించే పొడి, కుడి అర మీద అదే హార్మోన్ పెంచే డబ్బా.

ఆ డబ్బాలతో ఆగక కండల కోసం స్టెరాయిడ్ సూదులు పొడిపించుకునే జిమ్ము కుర్రాళ్ళకు మాత్రం నిజంగానే హార్మోన్‌తో లివర్‌కు గండం ఉంది. వాళ్ళ కోసం కరపత్రం లేదు.

హెపటైటిస్ బి కోసమూ లేదు. 1997లో దేశంలోనే తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసింది. ఇవాళ పుట్టిన బిడ్డకు సర్కారు దవాఖానలో ఉచితంగా వేస్తారు. కానీ ముంబై, పుణెలకు వలసపోయి మట్టి మోసే పాలమూరు మనిషికి ఆ వైరస్ ఉందో లేదో ఎవడు చూశాడు? చిన్న రక్తపరీక్ష! అది చేయమని చెప్పే వీడియో ఒక్కటి చూపించండి. వానకు తడిసి బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ ఉంటుంది, అది లివర్ కణాల జన్యువుల్నే చెడగొడుతుంది, హెపటైటిస్ బి ఉన్నవాడికి ఆ ముప్పు ఎన్నో రెట్లు. మంచి గింజ వనపర్తి, అచ్చంపేట మార్కెట్లకు పోతుంది, నాసి గింజ ఇంట్లో చట్నీ అవుతుంది. సారా, మందు కలిపిన కల్లు సంగతి ఇక్కడ ఎవరికి తెలియదు? ఇవి చెబితే ఎవడికీ పైసా రాదు. అందుకే చెప్పరు.

వాళ్ళు అమ్మేది పొడి కాదు, రోగి దగ్గరున్న మూడు వారాలు గుంజుకుంటున్నారు. గడ్డ చిన్నగా ఉండగా వస్తే కోసి తీసేయవచ్చు, మాడ్చేయవచ్చు. మూడు వారాలు మూడు నెలలై, పొట్టలో నీరు చేరాక, అప్పు చేసి కారు మాట్లాడుకుని రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?

రిసెప్టర్లే కావాలా? సొరాఫెనిబ్ కూడా రిసెప్టర్లనే ఆపుతుంది, కాకపోతే హార్మోన్లవి కావు, గడ్డకు రక్తనాళాలు పెంచేవి. ప్రయోగంలో అది రోగుల సగటు ఆయుష్షును 7.9 నెలల నుంచి 10.7 నెలలకు పెంచింది. మూడు నెలలు కూడా నిండని ఆ మేలుకు వందలమంది లెక్క చూపించాల్సి వచ్చింది. నెలకు 2,80,428 రూపాయలున్న ఆ మందును 8,880కి అమ్మేలా 2012లో తప్పనిసరి లైసెన్సు తెచ్చుకున్న నాట్కో ఫ్యాక్టరీ ఎక్కడుంది? ఒకప్పటి మన పాలమూరు జిల్లా కొత్తూరులో. దాని పేరు తెలియని నోళ్ళకు గురువుగారి పొడి పేరు కంఠతా వచ్చు.

క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇస్తే జైల్లో పెట్టొచ్చని 1954 నుంచీ చట్టం ఉంది. కరపత్రం కింద సెల్ నంబరు కూడా పెద్ద అక్షరాల్లో అచ్చేశారు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు వెతకనక్కర్లేదు, ఒక్క ఫోను కొడితే చాలు. వాళ్ళే లొకేషన్ పంపిస్తారు.