గరికపాడు దాటితే ఫారినే

చల్లపల్లి నుంచి అమెరికా వెళ్లేవాళ్లకి దారిలో సరిహద్దులు రెండు తగులుతాయి. రెండోది తేలిక. అక్కడి ఆఫీసరు పాస్‌పోర్టు తిరగేసి, ఏ యూనివర్సిటీ, ఫీజు ఎవరు కడుతున్నారు అని రెండు ముక్కలడిగి ముద్ర గుద్దుతాడు. మొదటిది హైదరాబాదు ఎయిర్‌పోర్టుకి పోయే దారిలో, జగ్గయ్యపేట అవతల గరికపాడు దగ్గరుంది. అక్కడ వీసా అడగరు గానీ టాక్సీ, డ్రైవరు, డ్రైవరు దగ్గర పర్మిట్టు కాగితం ఉండాలి.

గన్నవరం ఉందిగా అంటారు. ఉంది. ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్టు కూడాను. 2017లో కేంద్రం హోదా ఇచ్చింది. హోదా అనగానే ఉలిక్కిపడకండి, ఇది వేరే హోదా, ఇది నిజంగా ఇచ్చారు. 2018 డిసెంబరులో అక్కణ్ణుంచి సింగపూరుకి విమానం ఎగిరింది. సీట్లు నిండకపోతే లోటు రాష్ట్ర ఖజానా భరించే ఒప్పందం కాబట్టి, ఎక్కనివాళ్లం కూడా తలా ఇంత టికెట్టు కొన్నట్టే. 2019లో ప్రభుత్వం మారింది, ఆ విమానమూ ఆగింది. 2022 అక్టోబరు ఆఖర్న షార్జాకి ఒకటి మొదలుపెట్టారు, వారానికి రెండు రోజులు. పిల్లలు షార్జాలో ఉద్యోగం చూసుకుని, ఆ రెండు రోజుల్లోనే ప్రయాణం పెట్టుకుంటే మనకే ఇబ్బందీ లేదు. డాలస్, న్యూజెర్సీ అని మొండికేస్తారు కనకే శంషాబాద్.

"గన్నవరంలో ఎక్కి హైదరాబాదులో మారొచ్చు కదండీ" అనేవాళ్ల ఇళ్లల్లో ఆవకాయ పెట్టరనుకుంటా. అమెరికా టికెట్టు మీద మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండు పట్టుకెళ్లొచ్చు. విడిగా కొన్న గన్నవరం టికెట్టు మీద 15 కిలోలే. తేడా 31 కిలోలు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు, ఇడ్లీ కుక్కరు, అన్నీ ఆ తేడాలోనే ఉన్నాయి. ఇన్నోవా అయితే ఎవరూ తూకం వెయ్యరు. పైగా విమానం ఎక్కేది ఒక్కరైనా టాక్సీ ఎక్కేవాళ్లు ఆరుగురు. మూడొందల పైచిలుకు కిలోమీటర్లు పోయి, గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను ఆపేదాకా చెయ్యి ఊపి, మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి.

ఇక సరిహద్దు సంగతి. రాష్ట్రం విడిపోయాక ఏడాది కూడా కాకుండానే, 2015 ఏప్రిల్ 1 నుంచి, మన నంబరు ప్లేటున్న టాక్సీకి తెలంగాణ పన్ను వేసింది. తర్వాత మనమూ ఊరుకోలేదు. ఇచ్చిపుచ్చుకోవడాల్లో తెలుగువాళ్లకి లోటు రాకూడదు. విమానం కోసం సరిహద్దు దాటేది మనమొక్కళ్లమే కాదు. సౌదీలో దమ్మాం, ఖోబార్లలో పనిచేసే మనవాళ్లు బహ్రెయిన్ వెళ్లి విమానం ఎక్కడానికి టాక్సీ మాట్లాడుకుంటారు. కింగ్ ఫహద్ వంతెన పాతిక కిలోమీటర్లు, మధ్యలో సముద్రంలో ఒక దీవి, దాని మీద ఇమిగ్రేషను. వాళ్లవి రెండు రాజ్యాలు, ఇద్దరు రాజులు. మనకి రాజులు కూడా లేరు, చల్లపల్లి రాజావారి కోట తప్ప.

కరోనా రోజుల్లో ఈ సరిహద్దు పూర్తి స్థాయిలో పనిచేసింది. 2020 మార్చిలో హైదరాబాదు హాస్టళ్ల నుంచి పిల్లలు అక్కడి పోలీసులిచ్చిన పాసులు పట్టుకుని ఇంటికొస్తుంటే గరికపాడు దగ్గర ఆపింది మనమే. ఏడాది తిరిగాక, 2021 మేలో, మన అంబులెన్సుల్ని ఆపి ఆస్పత్రిలో మంచం ఖాయమైనట్టు కాగితం చూపించమన్నది వాళ్లు. హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చేదాకా లోపల ఆక్సిజన్ అయిపోతూనే ఉంది. ఇందులో నవ్వడానికేమీ లేదు. 2020 దసరాకి మాత్రం కొంచెం ఉంది. రెండు ఆర్టీసీలకీ మాట కుదరక ఎవరి బస్సు వాళ్ల గట్టు మీదే ఆగింది. సరిహద్దు దగ్గర బస్సులు సిద్ధంగా పెట్టామని ప్రకటించిన రవాణా మంత్రి మన బందరు పేర్ని నానీయే. ఎవరైనా దిగి, సామాను మోసుకుని, నడిచి రాష్ట్రం దాటి, అవతల బస్సెక్కాలి.

చట్టం ప్రకారం 2024 జూన్ 2 దాకా హైదరాబాదు మనకీ రాజధానే. అంటే జూన్ 1 రాత్రి చల్లపల్లిలో బయల్దేరిన టాక్సీ సొంత రాజధానికి బయల్దేరి, తెల్లారేసరికి పక్క రాష్ట్రం రాజధానికి చేరింది. డ్రైవరుకి కిరాయేం పెరగలేదు.

పాతకాలం ఇంతకంటే నయమని కాదు. నైజాం రోజుల్లో జగ్గయ్యపేట దాటితే హాలీ సిక్కా రూపాయి, సుంకం చౌకీ. కాస్త దూరం పోతే మునగాల పరగణా, అది మళ్లీ కృష్ణా జిల్లా. అదీ దాటితే మళ్లీ నైజాం. 1947 ఆగస్టు నుంచి 1948 సెప్టెంబరు దాకా నిజాం తనది వేరే దేశమే అన్నాడు, అప్పటికి విమానాల కంపెనీ కూడా ఉంది.

ఇంకా వెనక్కి పోతేనే మనకి గర్వంగా ఉంటుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఫారిన్ వెళ్లాలంటే హైదరాబాదు వాళ్లే బందరు రావాలి. పర్షియాకి, పెగూకి, ఎర్రసముద్రానికి ఓడలు ఇక్కణ్ణుంచే. ఇంగ్లీషువాళ్లు 1611లో దిగిందీ ఇక్కడే. దారిలో సుంకాల బాధ పడలేక వాళ్లు సుల్తాను చుట్టూ తిరిగి, 1632లో బంగారు ఫర్మానా సంపాదించారు. ఏడాదికి 500 వరహాలు కడితే ఇంకెవరూ ఏమీ అడగకూడదు. 2021లో టాక్సీలకి కేంద్రం తెచ్చిన ఆలిండియా టూరిస్టు పర్మిట్టు అచ్చంగా అదే, బంగారం ఒక్కటే తక్కువ. పూణె నుంచి హైదరాబాదు మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి ఈనాటికీ బందరులోనే ఆగుతుంది. అవతల ఓడే లేదు.

వస్తుంది లెండి. బందరు పోర్టుకి 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో ఇంకొకరు, 2023లో మరొకరు శంకుస్థాపన చేశారు. ఓడ వచ్చిన రోజున హైదరాబాదు వాళ్లు ఇన్నోవాలో ఆరుగురు చొప్పున చెయ్యి ఊపడానికి వస్తారు. గరికపాడు దగ్గర వాళ్ల దగ్గర ఎంత వసూలు చెయ్యాలో ఆర్టీవో ఆఫీసువాళ్లు ఇప్పటినుంచే ఒక లెక్క వేసి ఉంచితే మంచిది.