సున్నా బిల్లు

మయూర్ విహార్ ఫేజ్ 1లోని మా ఫ్లాట్‌కు త్రిలోక్‌పురి నుంచి ఒకామె పనికి వస్తుంది. 2019 సెప్టెంబరులో ఓ ఉదయం కొంగుముడి విప్పి, నాలుగు మడతల కరెంటు బిల్లు నా చేతికిచ్చింది. "జీరో హీ హై నా, భయ్యా?" అంది. ఆ ఆగస్టు నుంచే ఢిల్లీ ప్రభుత్వం నెలకు 200 యూనిట్ల దాకా వాడే ఇళ్ళకు బిల్లు మాఫీ చేసింది. సున్నానే అన్నాను. ఆమె మొహం విప్పారింది. నాకు మాత్రం ఆ పూటంతా ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

ఆ గుచ్చుకున్నదానికి సిద్ధాంతం తొడిగాను. ఆఫీసులో టీ దగ్గర ఖజానా గురించీ, ఉచితాలు తెచ్చే సోమరితనం గురించీ మాట్లాడాను. పేదల రాజకీయమంతా ఉన్నవాళ్ళ మీద కడుపుమంటేనని గట్టిగా వాదించాను. అక్టోబరు 29 నుంచి బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణానికి గులాబీ టికెట్ వచ్చింది. ఆ వారమే ఆమె జీతం రెండొందలు పెంచమంది. "బస్సూ ఫ్రీ, కరెంటూ ఫ్రీ, ఇంకా ఎందుకు?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. తడిగుడ్డ పిండి, బకెట్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సంక్రాంతికి ఊరెళ్ళి ఇరవై రోజులుండి వచ్చాం. ఆ నెల మా బిల్లూ సున్నా. అప్పట్లో పథకానికి ఆదాయ పరిమితి ఉండేది కాదు, 200 దాటకపోతే ఎవరికైనా సున్నానే వచ్చేది. సంతోషించి సొరుగులో పెట్టాను. ఖజానా గుర్తుకు రాలేదు. ఇంటి అప్పు వడ్డీ చూపించి ఏటా 2 లక్షల దాకా పన్ను లెక్కలోంచి తప్పించుకున్నప్పుడూ రాలేదు. పై అంతస్తాయనకు మూడు కార్లున్నాయి, ఆయన బిల్లెంతో ఎన్నడూ ఆరా తీయలేదు.

అసూయ పైమెట్టు మీదవాణ్ణి చూస్తేనే పుడుతుందనుకునేవాణ్ణి. తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'లో దాని రెండో వైపూ చూశాడు: కిందున్నవాళ్ళు కిందే ఉండాలని, తన వరసకు రాకూడదని ఉన్నవాడు కోరుకోవడం. మనం దాన్ని ఓర్వలేనితనం అంటాం. ఆమెకు వచ్చినదానివల్ల నాకు తగ్గిందేమీ లేదు. మా ఇద్దరి మధ్య ఎడం రవ్వంత తగ్గింది. నేను ఓర్వలేకపోయింది దాన్నే, ఖజానా పేరు పెట్టుకున్నాను.

ఆ ఫిబ్రవరి నుంచి ఆ రెండొందలు కలిపి ఇస్తున్నాను. ఎందుకని ఆమె అడగలేదు. సొరుగులోని బిల్లు ఆమెకు చూపించాలని రెండుసార్లు తీసి, మళ్ళీ అక్కడే పెట్టాను.