పేరు రాజుగారిది, పెత్తనం పదో నంబరుది

బ్రిటన్‌లో రాజుగారికి అధికారాలన్నీ ఉన్నాయి, వాడుకునే వీలే లేదు. ప్రధానమంత్రికి వాడుకునే వీలంతా ఉంది, అవి ఏ చట్టంలో ఉన్నాయో చూపించమని అడిగేవారే లేరు. సైన్యాన్ని యుద్ధానికి పంపడం, పరదేశాలతో ఒప్పందాలు కుదుర్చుకోవడం, మంత్రులను వేయడం, తీసేయడం, అన్నీ పేరుకు రాజుగారి విశేషాధికారాలే. చెలాయించేది మాత్రం డౌనింగ్ స్ట్రీట్ పదో నంబరు ఇంట్లో కాపురమున్నవారు. వాటికి హద్దు ఏదంటే, సంప్రదాయమట. సంప్రదాయాన్ని కాపాడేదెవరంటే, పెద్దమనుషులట. ఎవరు పెద్దమనిషో తేల్చేదెవరంటే, మళ్లీ ప్రధానమంత్రిగారే.

వారానికోసారి కేబినెట్ కూర్చుంటుంది. ప్రభుత్వ నిర్ణయాలన్నీ అక్కడే జరుగుతాయని బడి పిల్లలకు చెబుతారు. పిల్లలకు అబద్ధాలు చెప్పకూడదు. అణుబాంబు తయారు చేయాలని 1947లో ప్రధాని అట్లీ గుప్పెడు మంది మంత్రులతో గుట్టుగా తేల్చేశారు. మిగతా కేబినెట్‌కు కబురే లేదు. బ్లెయిర్ హయాంలో ఆ గుప్పెడు మంది కూడా దండగనిపించి, సోఫా మీద కబుర్లు చాలనుకున్నారు. ఇరాక్ యుద్ధం తర్వాత 2004లో బట్లర్ కమిటీ ఈ సోఫా పాలనను తప్పుపట్టింది. సోఫాకు మినిట్స్ రాసే అలవాటు లేదు మరి!

అయినా మంత్రులకు ‘సమష్టి బాధ్యత’ అనే గౌరవం మిగిలింది. తమకు చెప్పకుండా చేసిన నిర్ణయాన్ని తామే చేసినట్టు బయట సమర్థించాలి. మనసొప్పకపోతే తప్పుకోవాలి. ఇంత ఉదారంగా అవమానించే వ్యవస్థ ఇంకెక్కడుంది?

ప్రధానికి ఎదురునిలిచే బలం ట్రెజరీకి ఉందని మరో నమ్మకం. 2020 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి సాజిద్ జావిద్‌ను నీ సలహాదారులందరినీ పంపించెయ్, మేమిచ్చినవాళ్లను పెట్టుకో అన్నారు పదో నంబరువారు. ఆయన మంత్రి పదవినే వదులుకున్నారు. 2022 సెప్టెంబరులో లిజ్ ట్రస్ ఇంకాస్త ముందుకెళ్లారు. కన్సర్వేటివ్ పార్టీ సభ్యుల 81 వేల పైచిలుకు ఓట్లతో గద్దెనెక్కి, ఆ వారంలోనే ట్రెజరీలో అందరికన్నా పెద్ద అధికారి టామ్ స్కాలర్‌ను సాగనంపారు. 23న ఆవిడ ఆర్థికమంత్రి 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు. లెక్కలు చూడాల్సిన బడ్జెట్ బాధ్యత కార్యాలయాన్ని అంచనా అడగనేలేదు. లెక్క అడిగితే లెక్క చెబుతారన్న భయం కాబోలు. 45 శాతం పన్ను రద్దు చేస్తున్న సంగతి కేబినెట్‌కు ముందుగా చెప్పలేదని ఆవిడే టీవీలో ఒప్పుకున్నారు. పౌండు పాతాళానికి జారింది. పింఛను నిధులు కూలిపోకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పరుగున వచ్చింది. ఆర్థికమంత్రి 38 రోజులకు, ప్రధాని 49 రోజులకు ఇంటిదారి పట్టారు. మాజీ ప్రధానుల ప్రజా విధుల ఖర్చుకు ఏటా 1,15,000 పౌండ్ల దాకా ఇచ్చే ఏర్పాటు మాత్రం చెక్కుచెదరలేదు. 49 రోజుల సేవకైనా అర్హత అర్హతే.

పార్లమెంటు అడ్డమొస్తే? దానికి తాళం వేయవచ్చు. 2019 ఆగస్టులో ప్రివీ కౌన్సిల్ తరఫున ముగ్గురు బాల్మోరల్ కోటకు వెళ్లి రాణిగారి ఆమోదం తెచ్చుకున్నారు. బ్రెగ్జిట్ గడువు తరుముతుంటే, అయిదు వారాలు సభకు సెలవు. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పదకొండుగురూ ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. అప్పటి ప్రధాని జాన్సన్ తీర్పుతో ఏకీభవించడం లేదన్నారు, కుర్చీలోనే కూర్చున్నారు.

అసలు సిసలు ముచ్చట మంత్రుల ప్రవర్తనా నియమావళి. దాన్ని జారీ చేసేది ప్రధాని. ఉల్లంఘన జరిగిందా లేదా అన్న చివరి మాట ప్రధానిది. శిక్ష ప్రధానిది. ఉల్లంఘించినవారు ప్రధానే అయితే తీర్పు చెప్పేదీ ప్రధానే. 2020లో ఈ నియమావళిపై ప్రధానికి సలహాదారైన అలెక్స్ అలన్ విచారించి, హోంమంత్రి ప్రీతి పటేల్ సిబ్బందితో నడుచుకున్న తీరు నియమావళికి విరుద్ధమని తేల్చారు. జాన్సన్ కాదన్నారు. మంత్రి ఉన్నారు, తేల్చిన పెద్దమనిషి రాజీనామా చేశారు. తర్వాత వచ్చిన లార్డ్ గైట్ కూడా 2022లో అదే దారి పట్టారు. లాక్‌డౌన్‌లో పదో నంబరులో జరిగిన పార్టీల సంగతి చూడమని కేబినెట్ కార్యదర్శి సైమన్ కేస్‌కు అప్పగిస్తే, ఆయన సొంత ఆఫీసులోనే ఒక పార్టీ జరిగిందని వార్త వచ్చి తప్పుకున్నారు. చివరికి కేబినెట్ గదిలో జరిగిన పుట్టినరోజు వేడుకకు పోలీసులే ప్రధానికీ, ఆర్థికమంత్రికీ జరిమానా రాశారు. దొంగ చేతికి తాళాలిచ్చి, మర్యాదస్తుడు కదా అనుకోవడమంటే ఇదే. 2024లో ప్రధాని స్టార్మర్ ఈ నియమావళి సలహాదారుకు సొంతంగా విచారణ మొదలుపెట్టే వెసులుబాటు ఇచ్చారు. తీర్పు మాత్రం ఇప్పటికీ పదో నంబరులోనే.

ఈ కేబినెట్ పద్ధతిని మనమూ అరువు తెచ్చుకున్నాం. కానీ పెద్దమనుషుల మీద అంత నమ్మకం చాలక, మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని రాజ్యాంగం 75వ అధికరణంలో రాసుకున్నాం. రాసినంత మాత్రాన మనవాళ్లు బుద్ధిమంతులైపోలేదు. తప్పు జరిగినప్పుడు వేలుపెట్టి చూపడానికి ఒక పేజీ ఉంది, అంతే. బ్రిటన్‌లో ఆ పేజీ లేకపోవడాన్ని వాళ్ల పాలకులు సంస్కారం అంటారు. పాలకులకు అది సౌకర్యం.

2022 శరత్కాలంలో ప్రధానమంత్రికి మొదట పగ్గం వేసింది రాజు కాదు, కేబినెట్టూ కాదు, పార్లమెంటూ కాదు. ప్రభుత్వ బాండ్లు కొనే అప్పులవాళ్లు. అప్పులవాళ్లకు తప్ప ఎవరికీ జడవని ఈ ఏర్పాటును పార్లమెంటరీ ప్రజాస్వామ్యం అని పిలవాలంటున్నారు. అలాగే పిలుద్దాం. కూడదని మాత్రం ఎక్కడ రాసి ఉంది కనుక!