వినకుండా కొనడమేమిటి?

చెవికి పెట్టుకునే వస్తువు కొనడానికి ఇప్పుడు చెవితో పనే లేదు. కళ్లుంటే చాలు. ఫోన్లో బొమ్మ చూడటం, కింద ఎన్ని స్టార్లున్నాయో చూడటం, నొక్కడం. నాలుగు రోజులు తిరక్కుండా డబ్బా గుమ్మంలో ఉంటుంది. మా మనవడు మొన్న అలాగే హెడ్‌ఫోన్లు తెప్పించాడు. "బేస్ అదిరిపోద్ది తాతయ్యా, చూడు" అని నా తలకి తగిలించాడు. అదిరిన మాట నిజమే. పాడింది ఎవరో, ఏం పాడారో మాత్రం ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు.

మా రోజుల్లో రాజమండ్రి మెయిన్ రోడ్డులో రేడియో కొనాలంటే ఒక పూట పట్టేది. కొట్టాయన మర్ఫీ ఒకటి, బుష్ ఒకటి, ఫిలిప్స్ ఒకటి బల్ల మీద వరసగా పెట్టేవాడు. వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. ఆకుపచ్చ కన్ను వెలిగాక ముల్లు మెల్లగా విజయవాడ మీదికి తెచ్చేవాడు. మా నాన్నగారు కళ్లు మూసుకుని వినేవారు. ఒకదాంట్లో గొంతు ముక్కులోంచి వస్తోందనేవారు, ఇంకోదాంట్లో అడుగున గుయ్యిమంటోందనేవారు. పక్కన పెట్టించి మూడోది పెట్టించేవారు. కొట్టాయన విసుక్కునేవాడు కాదు. వినకుండా ఎవరైనా కొంటానంటేనే ఆయనకి వింత.

అప్పట్లో బేస్ ఎక్కడిదని కుర్రాళ్లు నన్నడుగుతారు. పెళ్లి పందిట్లో కట్టే గొట్టం మైకులో లేదు, ఒప్పుకుంటాను. ఆ గొట్టం కింది స్వరాలు పలకలేదు. అయినా మాట మాత్రం మూడు పొలాల అవతలికి తెలిసేది. ఘంటసాల పాడిన పుష్పవిలాపం పద్యాలు మా ఊళ్లో చాలామంది పుస్తకం ముట్టకుండా కంఠతా పట్టింది ఆ గొట్టాల్లోంచే. కర్ర పెట్టె రేడియో సంగతి వేరు. అంత పెద్ద స్పీకరూ, చుట్టూ మంచి కర్రా ఉన్నాక మృదంగం ఎడమచేతి దెబ్బ నిండుగా పలికేది. పలికి, పక్కకి తప్పుకునేది. గాయకుడి మాట మీదికి వచ్చేది కాదు.

బేస్ అంటే ఏమిటో కుర్రాళ్లకి చూపించాలంటే నేను డబ్బా చూపించను, మృదంగ విద్వాంసుడి పక్కన కూర్చోబెడతాను. కాకినాడ సరస్వతీ గాన సభలో కచేరీ మొదలయ్యే ముందు ముందువరసలో కూర్చుని చూసిన పని ఇది. ఆయన చిన్న గిన్నెలో బొంబాయి రవ్వ నీళ్లతో కలిపి ముద్ద చేస్తాడు. ఆ ముద్దని మృదంగం ఎడమ మూత మధ్యన అంటించి బొటనవేలితో గుండ్రంగా నొక్కుతాడు. ఒక దెబ్బ కొట్టి వింటాడు. చిటికెడు తీసేస్తాడు, మళ్లీ కొడతాడు. తంబూరా శ్రుతికి అది ఒదిగేదాకా ఈ తీయడం, పెట్టడం సాగుతూనే ఉంటుంది. ముద్ద ఎక్కువైతే దెబ్బ మొద్దుబారుతుంది, తక్కువైతే తేలిపోతుంది. ఆ చిటికెడు రవ్వ దగ్గర ఆయన పడ్డ శ్రద్ధలో పదోవంతు ఈ హెడ్‌ఫోన్లు చేసేవాళ్లు పడితే నేనిదంతా రాసేవాణ్ని కాదు.

వీళ్లు చేసేది ఏమిటంటే, అడుగు స్వరాలన్నీ ఒక్క ఊపున ఎత్తేసి వదిలేయడం. చెవి తీరు ఎలాంటిదంటే, కింది ధ్వని గట్టిగా ఉంటే పై ధ్వనుల్ని కప్పేస్తుంది. పై ధ్వని కింది దాన్ని అంతగా కప్పలేదు. వరదొస్తే ముందు లంక పొలాలు మునిగినట్టు, బేస్ పొంగితే ముందు మునిగేది మాటే. తెలుగు పాటకి మాట పోయాక మిగిలేది ఏముంది?

మంగళంపల్లి బాలమురళీకృష్ణ మన శంకరగుప్తంలో 1930లో పుట్టారు. విజయవాడ రేడియో స్టేషను 1948లో మొదలైంది, తర్వాత ఆయన అక్కడ పనిచేశారు. తెల్లవారుజామున భక్తిరంజనిలో ఆయన గొంతు మంద్రస్థాయికి దిగుతుంటే అడుగున నేల ఉన్నట్టే ఉండేది, అక్షరం మాత్రం అరిగేది కాదు. నిండుదనం, స్పష్టత రెండూ ఒకే గొంతులో ఉండగా విన్నవాణ్ని. బేస్ కావాలంటే స్పష్టత వదులుకోవాలని ఎవరైనా చెబితే నేనెందుకు నమ్ముతాను?

ఇంకో సంగతి. మా కోనసీమ వాళ్లు దుబాయి, కువైట్, మస్కట్ వెళ్లి సెలవులకి వచ్చేటప్పుడు పెద్ద పెద్ద టూ ఇన్ వన్‌లు, స్టీరియో సెట్లు తెచ్చేవారు. పాటల చీటీ రాసిచ్చి, కొట్లో కేసెట్ నింపించుకునే రోజులవి. కొన్ని స్టీరియో సెట్లకి లౌడ్‌నెస్ అని ఒక బటన్ ఉండేది. దాని వెనక పెద్ద లెక్కే ఉంది. శబ్దం తగ్గించేకొద్దీ మన చెవికి కింది స్వరాలు మిగతావాటికంటే ముందు మాయమవుతాయి. అమెరికాలో బెల్ లేబరేటరీస్ వాళ్లు, ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు, 1933లోనే ఇది కొలిచి గీతలు గీసి చూపించారు. అందుకే రాత్రి పూట చిన్నగా పెట్టుకుంటే ఆ బటన్ నొక్కేవాళ్లం, బేస్ దానంతటదే సర్దుకునేది. ఇప్పటి కుర్రాడికి ఆ బటన్ లేదు. బేస్ చాలలేదనిపిస్తే ఉన్న శబ్దమంతా పెంచుతాడు. అదీ నా బాధ.

దీనికి తోడు డీజే బాక్సులు. వినాయకుడి ఊరేగింపులో ఆ బాక్సు ముందు నిలబడితే గుండె మీద గుద్దినట్టు ఉంటుంది. రామడోలు దగ్గర మేమూ ఆ దెబ్బ తిన్నవాళ్లమే, అది ఒళ్లంతా తగిలే సుఖం. కాని హెడ్‌ఫోన్ చెవి దగ్గరే ఆగిపోతుంది, గుండెకి ఏమీ అందదు. ఆ గుద్దు కోసం కుర్రాడు పెంచుతూనే పోతాడు, అది ఎప్పటికీ రాదు, చెవి మాత్రం అరుగుతుంది. లోపల ఉండే సన్నటి కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 90కి పెంచితే వారమంతటికీ 4 గంటలే. మా వాడు ఆ 4 గంటలూ ఒక్క ఆదివారమే ఖర్చు పెట్టేస్తాడు.

పోనీ డబ్బా మీద రాసింది చూసి ఎంచుకుందామా అంటే, దాదాపు అన్నిటి మీదా ఒకటే అంకె: 20 నుంచి 20,000 హెర్ట్జ్. అది మనిషి చెవి పరిధి. ఆ పరిధిలో ఏ స్వరం ఎంత ఎత్తున పలుకుతుందో చెప్పనప్పుడు ఆ అంకెతో నాకేం పని? 20 దాకా ఎందుకు, బేస్ గిటారు అడుగు తీగే 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. డ్రైవరు 40 మిల్లీమీటర్లా 50 మిల్లీమీటర్లా అన్నదీ అంతే. లోపలి స్పీకరు ఎంత పెద్దదైనా హెడ్‌ఫోన్ గిన్నె చెవి చుట్టూ సరిగ్గా కూర్చోకపోతే బేస్ సందులోంచి కారిపోతుంది. నాలాంటి వాడికి కళ్లద్దాల కాడలు ఆ సందు చేస్తాయి. పైగా గంట గడిచేసరికి గిన్నెలు కాడని నొక్కి చెవి వెనక నొప్పి తెప్పిస్తాయి. కళ్లద్దాలతోనే పెట్టుకుని చూడాలి. గిన్నె చెవి మీద కాదు, చెవి చుట్టూ కూర్చోవాలి. ఇయర్‌బడ్స్ అయితే డబ్బాలో మూడు సైజుల రబ్బరు బుడిపెలు ఇస్తారు. మా వాడు మధ్యదే ఉంచుకుని మిగతావి చెత్తబుట్టలో వేశాడు. ఆ పెద్దది పెట్టుకుని చూసి ఉంటే, బేస్ లేదని తిట్టుకున్న పాత జత ఇంకా వాడుతుండేవాడు.

మన గోదావరి జిల్లాల ఉక్కపోత మాట ఎవరూ చెప్పరు. ఏసీ గదిలో కూర్చునేవాడి కోసం చేసిన రెక్సిన్ గిన్నె ఇక్కడ రెండు వేసవులకి పొట్టు లేచిపోతుంది. ఆ నల్ల పొట్టు చెంపలకి అంటుకుంటుంది. గుడ్డ గిన్నెలున్నవి నయం. అంతకంటే నయం, పాడైతే గిన్నెలు మాత్రమే విడిగా దొరికేవి. చెవి లోపల దూర్చేవి చెమటలో గంటల తరబడి ఉంచితే తడి లోపలే నిలిచి బూజు పట్టొచ్చు. గంటకోసారి తీసి తుడుచుకోవాలి. బరువూ చూసుకోవాలి. కొట్లో రెండు నిమిషాలు పెట్టుకుంటే బరువు తెలియదు, పావుగంటైనా తల మీద ఉండాలి.

రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్లే బస్సులో ఇంజిను రొద బేస్‌ని మింగేస్తుంది. అలాంటి చోట బయటి రొదని తగ్గించే రకం పనికొస్తుంది, దాని బలం ఆ కింది రొద మీదే. అదొక్కటీ ఈ కాలంలో నాకు నచ్చింది, గౌరవంగా చెబుతున్నాను. రోడ్డు దాటేటప్పుడు మాత్రం తీసేయండి నాయనా.

వినడానికి ఏం పెట్టాలంటే, మీకు కంఠతా వచ్చిన పాట పెట్టాలి. కొట్టువాడు పెట్టే ఇంగ్లీషు దరువు వద్దు. నేనైతే ముందు ఘంటసాల పద్యం పెడతాను. స, శ, ష మూడూ మూడుగా వినపడాలి, సకారం మాత్రం చెవిలో గుచ్చుకోకూడదు. తర్వాత పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్. వేగంగా వాయించేటప్పుడు మీటు మీటూ విడిగా తెలియాలి, వెనక మృదంగం ఎడమ దెబ్బకి శ్రుతి ఉండాలి, ఉత్త దబ్‌మని పోకూడదు. ఆఖర్న కొవ్వూరులో పుట్టిన కీరవాణి. 2023లో ఆస్కార్ తెచ్చిన నాటు నాటు పెట్టి, ఆ దరువు మధ్య చంద్రబోస్ రాసిన మాట ప్రతిదీ తెలుస్తోందా అని చూస్తాను. ఇదంతా శబ్దం సగంలో ఉంచే. సగంలో నిండుగా లేనిది పూర్తిగా పెంచితే గోల చేస్తుంది తప్ప నిండదు.

ఇవన్నీ చేయాలంటే ముందు ఎవరో ఒకరు విననివ్వాలి కదా. మొన్న నేనడిగిన కొట్లో, డబ్బా సీలు విప్పితే వెనక్కి తీసుకోం అన్నారు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం కొట్లవాళ్లకి నేను కోరేది ఇదే: రకానికొకటి సీలు విప్పి బల్ల మీద పెట్టండి. పక్కన తుడుచుకోవడానికి శుభ్రమైన గుడ్డ, కూర్చోవడానికి ఒక స్టూలు వేయండి. ఆన్‌లైన్లో కంటే రెండొందలు ఎక్కువైనా నేను మీ దగ్గరే కొంటాను, మనవణ్ని కూడా తీసుకొస్తాను.