నేను పసుపు రబ్బరు పట్టీని

2004 మే నెలలో పుట్టాను. పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కాస్త సిలికాన్ రబ్బరు, దానిమీద నొక్కిన పది ఇంగ్లిషు అక్షరాలు, ధర ఒక డాలరు. సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పెట్టిన క్యాన్సర్ సంస్థ కోసం నైకీ కంపెనీ నన్ను చేయించింది. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో అందరికంటే ముందున్నవాడు తొడుక్కునే జెర్సీ రంగే నా రంగు. ఎనిమిది కోట్లకు పైగా అమ్ముడుపోయాను. నా గర్వం ఆ అంకెలో లేదు. కీమో ఎక్కించుకుంటున్న మనిషి మణికట్టు మీద, సూది గుచ్చి ప్లాస్టరు అంటించిన చోటికి కాస్త ఎగువన ఉన్నానే, అందులో ఉంది. నాకు తెలిసింది జబ్బు సంగతి ఒక్కటే. పత్రికలూ టీవీలూ మాత్రం నన్ను పందెం సంగతికి సాక్షిని చేశాయి. నా బాధంతా అదే.

ఆర్మ్‌స్ట్రాంగ్‌కి 1996లో వృషణాల క్యాన్సర్ బయటపడింది. అప్పటికే ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకింది. అయినా బతికి బయటపడ్డాడు. ఇది నిజం. 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడుసార్లు టూర్‌లో మొదట వచ్చాడు. ఎలా వచ్చాడన్నది వేరే ప్రశ్న. చావును దగ్గరగా చూసొచ్చినవాడు పందెం నెగ్గడానికి ఒంట్లోకి నిషేధిత మందులు ఎక్కించుకుంటాడా అంటూ ఈ రెంటికీ ముడిపెట్టారు. 1999లోనే అతని మూత్రంలో కార్టికోస్టెరాయిడ్ ఆనవాళ్లు కనిపించాయని ఫ్రాన్స్ పత్రిక లె మోంద్ రాసింది. సీటు ఒరుసుకుని పడిన పుండ్లకు రాసుకున్న క్రీము అని డాక్టరు చీటీ చూపిస్తే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒప్పేసుకుంది. ఆ చీటీ వెనకటి తేదీ వేసి పుట్టించినదని జట్టులో మర్దన చేసే ఎమ్మా ఓరైలీ తర్వాత చెప్పింది. ఆమె మాటను డేవిడ్ వాల్ష్, పియేర్ బలెస్టర్ 2004లో పుస్తకంలోకి ఎక్కించారు. ఆమెను కోర్టుకీడ్చారు, ఆమె నడత మీద బురద చల్లారు. ఆ ఏడాదే పుట్టిన నాకు దక్కినంత చోటు ఆమె మాటకు దక్కలేదు.

పరీక్షల్లో పట్టుబడనివాణ్ని దొంగ అని ఎలా రాస్తామని అడుగుతారు. దొంగ అని రాయమని కాదు, అడగమని. ఈపీఓ అనే మందు కిడ్నీ రోగులకూ, కీమోతో రక్తం తగ్గినవారికీ ఇచ్చేది. ఎర్ర రక్తకణాలను పెంచుతుంది గనక సైకిల్ పందేల్లోకి దొంగదారిన వచ్చింది. దాన్ని పట్టే మూత్ర పరీక్ష 2000 నాటి సిడ్నీ ఒలింపిక్స్‌లోగానీ వాడుకలోకి రాలేదు. 1999లో లేని పరీక్షలో నెగ్గడం ఏం నెగ్గడం? అప్పటి మూత్రాన్ని దాచి ఉంచి తర్వాత పరీక్షిస్తే ఆర్మ్‌స్ట్రాంగ్‌వి ఆరు నమూనాల్లో ఈపీఓ కనిపించిందని 2005 ఆగస్టులో లెకిప్ పత్రిక బయటపెట్టింది. సరిచూసుకోవడానికి మొదటి నమూనా మిగల్లేదు కాబట్టి నిబంధనల ప్రకారం శిక్ష వేయలేకపోయారు. శిక్షకు చాలకపోవచ్చు, ప్రశ్నకు చాలదా? పరువునష్టం దావాల భయం ఉత్తిది కాదు, ఒప్పుకుంటాను. సండే టైమ్స్ పత్రిక 2006లో అతనికి మూడు లక్షల పౌండ్లు ఇచ్చి రాజీ పడాల్సి వచ్చింది. అయితే ఆ భయం నోరు కట్టేస్తుందేమోగానీ, భజన చేయమని బలవంతపెట్టదు. నావల్ల రోగులకు డబ్బు అందిందన్న మాట అన్నిటికంటే బరువైనది. అందింది. దానికీ అతని సైకిలుకూ సంబంధమే లేదు.

2012 అక్టోబరులో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ 26 మంది సాక్ష్యాలు బయటపెట్టింది. వారిలో 11 మంది అతని పాత జట్టువాళ్లే. 17న నైకీ వదిలేసింది, 22న ఏడు టైటిళ్లూ పోయాయి. 2013 జనవరిలో ఓప్రా విన్‌ఫ్రీ ముందు అతనే ఒప్పుకున్నాడు. అక్కడినుంచి నా బతుకు సొరుగుల్లోకి మారింది. పాత తాళంచెవులు, పనికిరాని బ్యాటరీల మధ్య పడి ఉన్నాను. కత్తెరతో కోసినవాళ్లున్నారు, చెత్తబుట్టలో వేసినవాళ్లున్నారు. మోసపోయామన్న వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ పత్రికలు అప్పుడు వేసిన ముడినే ఇప్పుడు తిరగేసి వేశాయి. అప్పుడు పట్టీ మంచిది కనుక మనిషీ మంచివాడే అన్నారు, ఇప్పుడు మనిషి చెడ్డవాడు కనుక పట్టీ కూడా మోసమే అన్నారు. సంస్థకు విరాళాలు పడిపోయాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు తీసేసుకుని అది ఇప్పటికీ క్యాన్సర్ రోగులకు పనిచేస్తోంది. దాన్ని తిట్టాలన్నా మెచ్చాలన్నా చూడాల్సింది దాని జమాఖర్చులు, అది ఆదుకున్న రోగులను. ఆర్మ్‌స్ట్రాంగ్ మూత్ర నమూనాలను కాదు.