కారు దగ్గర పిల్లలు: వినకూడని సలహాలు

"హారన్ కొట్టి వెనక్కి తీయండి, పిల్లలే తప్పుకుంటారు." ఇంటింటా వినిపించే సలహా ఇది. రెండేళ్ల పిల్లకి ఆ మోత ఎటునుంచి వస్తోందో తెలియదు. నాన్న కారని తెలిస్తే తప్పుకోవడం పోయి ఎదురు పరిగెత్తుకొస్తుంది.

"సెన్సార్ ఉందిగా, అదే చూసుకుంటుంది." 2019 జులై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకి వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి చేశారు. మంచి పనే. కానీ అవి చూసేది వెనకవైపే. ముందు చక్రం పక్కన బంతి కోసం వంగిన పిల్లాడు, బానెట్ ఎత్తుగా ఉన్న బండిలో కూర్చున్నవాళ్లకి అసలు కనబడడు. బండి ఎక్కేముందు చుట్టూ ఒకసారి నడవాలి. పిల్లాడి చెయ్యి ఇంట్లో ఒకరు పట్టుకుని, డ్రైవరుకి కనబడేలా నిలబడాలి. అప్పుడే స్టార్ట్ చెయ్యాలి.

"సెల్లార్ చల్లగా ఉంటుంది, కాసేపు అక్కడే పడుకోబెట్టండి." 2023 మే నెలలో హైదరాబాద్ హయత్‌నగర్‌లో ఒక కూలి తల్లి, ఎండకి తాళలేని మూడేళ్ల కూతుర్ని అలాగే ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పడుకోబెట్టింది. లోపలికొచ్చిన కారు ఆ పిల్ల మీదుగా వెళ్లింది. ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పనిచోట పిల్లలకి నీడ చూపించాల్సింది పని చేయించుకునేవాళ్లు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇంకొకటి ఉంది: "మన వాకిట్లోనే కదా, తాళం ఎందుకు?" 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల దగ్గర దామరగిద్దలో ఇద్దరు పిల్లలు, మరుసటి నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు, ఆడుకుంటూ నిలిపి ఉన్న కారెక్కి, బయటికి రాలేక ప్రాణాలు పోగొట్టుకున్నారు. వెనక తలుపులకి చైల్డ్ లాక్ పెట్టి ఉంటే లోపలినుంచి ఎంత లాగినా రావు. పిల్లలకేమో వెనక సీటే ఇష్టం. పైగా పిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. "అద్దం కాస్త దించితే చాలు" అనే మాటనీ నమ్మొద్దు. 2005లో అమెరికా పరిశోధకులు ఎండలో నిలిపిన కార్లో కొలిచి చూస్తే, గంటలో లోపలి వేడి సుమారు 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కొద్దిగా దించినా పెద్ద తేడా రాలేదు. "రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని పిల్లని కార్లో వదిలి కొట్టు దగ్గర దిగినవాళ్లకి బిల్లు దగ్గరే ఎంతసేపు పడుతుందో వాళ్లకే తెలుసు.

ఈ సలహాలన్నీ మనం చెయ్యాల్సిన పనిని పసివాళ్ల తెలివి మీద వదిలేస్తున్నాయి. కారు వాకిట్లో ఉన్నా, పెళ్లిపందిరి పక్కన ఉన్నా తాళం వెయ్యాలి. తాళంచెవి పిల్లలకి అందని ఎత్తులో పెట్టాలి. కాస్త ఊహ తెలిసిన పిల్లలకి ముందు సీట్లోకి దూకి హారన్ నొక్కుతూనే ఉండమని నేర్పించండి. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా హారన్ మోగుతుంది.

పిల్ల కనబడకపోతే నీళ్లున్న చోట్లు, ఆ వెంటనే చుట్టుపక్కల కార్ల లోపల, డిక్కీల్లో చూడండి. పక్కింటివాళ్లని అడగడం ఆ తర్వాత. లోపల చిక్కుకుని ఉంటే తాళంచెవి కోసం ఆగొద్దు. పిల్లకి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూలలో కొట్టి పగలగొట్టండి. ముందు అద్దం జోలికి పోవద్దు, అది చిట్లుతుందే తప్ప ఊడిరాదు. బయటికి తియ్యగానే నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి విసురుతూ ఉండండి. ఈలోగా ఇంకొకరిచేత 108కి ఫోన్ చేయించండి.