పైన పటారం, కింద కారటం

బాత్రూం కొత్తగా చేయించుకోవాలనుకున్న కుటుంబం ముందుగా తొక్కే గడప టైల్స్ షోరూంది. అక్కడ నాలుగు ఆదివారాలు హాయిగా గడిచిపోతాయి. ఐవరీయా, బీజా, అసలీ రెంటికీ తేడా ఏమిటి, పూల వరస ఎన్ని అడుగుల ఎత్తున రావాలి అన్న విషయాల మీద పుట్టింటివారి అభిప్రాయం ఫోన్లో, అత్తింటివారిది స్వయంగా అందుతాయి. ఆ టైలు కింద ఏం వేస్తారన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. ఎవరైనా పొరపాటున అడిగినా మేస్త్రీ "అదంతా నేను చూసుకుంటా సార్" అంటాడు. ఆ ఒక్క మాటతో కింది ఫ్లాటు పైకప్పు తలరాత ఖాయమైపోతుంది. నేను చెప్పదలచుకున్నది చిన్న సంగతే: టైలు నీళ్లను ఆపదు. అది చూసేవాళ్ల కోసం. నీళ్లను ఆపేది దాని కింద, ఎవరి కంటా పడకుండా పడి ఉండే వాటర్‌ఫ్రూఫింగ్ పొర. మనం లక్షలు మొదటిదానికి పోసి, రెండోదానికి చిల్లర విదిలిస్తాం.

"టైలు గాజుపలకలా ఉంటుందిగా, దాంట్లోంచి నీరెలా దిగుతుంది?" అంటారు. సబబైన ప్రశ్నే. విట్రిఫైడ్ టైలు తన బరువులో అర శాతానికి మించి నీళ్లు పీల్చదు. కానీ నీటికి టైలులోంచి దిగాల్సిన ఖర్మేమిటి, పక్కనే దారి ఉండగా? అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న బాత్రూంలో అడుగు చదరపు టైల్స్ వేశారనుకోండి. టైలుకీ టైలుకీ మధ్య అతుకుల పొడవు 67 అడుగులు, గోడ వారగా మరో 26, వెరసి 93 అడుగులు. అతుకు వెడల్పు రెండు మిల్లీమీటర్లే అనుకున్నా, వాటన్నిటినీ ఒకచోట పోగేస్తే తొమ్మిదంగుళాల పైచిలుకు చదరపు కంత అవుతుంది. పిల్లి దర్జాగా దూరిపోతుంది. ఆ కంతను మనం పూడ్చేది గుప్పెడు వైట్ సిమెంటుతో. అది ఆరేటప్పుడే వెంట్రుకవాసి బీటలిస్తుంది. చాలదన్నట్టు మరకలు పోవాలని వారం వారం దాని మీద యాసిడ్ పోస్తాం. మరకేదో సిమెంటేదో యాసిడ్‌కి తెలియదు, రెంటినీ సమానంగా ఆరగిస్తుంది. బాత్రూం తళతళలాడిన కొద్దీ కింద వాళ్ల పైకప్పు ఉబ్బటం వెనక ఉన్న రహస్యం కొంత ఇదే.

అయితే ఎపాక్సీతో అతుకులు నింపిస్తే సరి, లేదా రెండడుగులకు నాలుగడుగుల పెద్ద టైల్స్ వేస్తే అతుకులే తగ్గుతాయి కదా అనే తెలివైన వాళ్లున్నారు. ఎపాక్సీ మంచిదే, యాసిడ్‌కి అంత తేలిగ్గా లొంగదు. కానీ గోడా నేలా కలిసే మూల కాస్త కదులుతూనే ఉంటుంది. వేన్నీళ్లకు సాగి, చన్నీళ్లకు ముడుచుకుంటుంది. గొట్టం గోడలోంచి బయటికొచ్చే చోట బీట పడటానికీ ముహూర్తం అక్కర్లేదు. ఇక పెద్ద టైలు సంగతి. నీళ్లు నహానీ ట్రాప్ దాకా నడవాలంటే నేలకు వాటం ఉండాలి. ఎనభై అడుగులకు అడుగు లెక్కన, ఎనిమిదడుగుల బాత్రూంలో అంగుళం పైచిలుకు తగ్గు. నాలుగు వైపులనుంచీ ఒక మూలకు వాటం ఇవ్వాలంటే పెద్ద పలకను కోయాలి. కోస్తే అందం పోతుందని ఇంటాయన ఒప్పుకోడు. నీరు పల్లమెరుగు అంటారు గానీ, పల్లమే లేని చోట దానికి మాత్రం ఏం తెలుస్తుంది? నడిమధ్యలో మడుగు కట్టి కూర్చుంటుంది. ఏ గది ఏ మూలన ఉండాలో వాస్తు పండితుణ్ణి మూడుసార్లు అడిగిన మనిషి, వాటం ఎటుందో ఒక్కసారి చెంబెడు నీళ్లు పోసి చూడడు.

అసలు నాటకమంతా సంకెన్ స్లాబులో జరుగుతుంది. గొట్టాలు దాచడానికి బాత్రూం స్లాబును అడుగు లోతు దించి కట్టి, ఆ గుంతను ఇటుకముక్కలతో, పాత గోడ పగలగొట్టిన రద్దుతో నింపుతారు. మన అయిదు, ఎనిమిది లెక్కలో ఆ గుంత 40 ఘనపుటడుగులు. రద్దు మధ్య మూడో వంతు ఖాళీ ఉందనుకున్నా 370 లీటర్ల పైచిలుకు నీళ్లు అందులో మకాం పెట్టగలవు. పై ఫ్లాటాయన "మేం పది రోజులుగా ఊళ్లోనే లేం, మా బాత్రూంలోంచి ఎలా కారుతుందండీ?" అని నిలదీస్తాడే, ఆయన అబద్ధమాడటం లేదు. ఆయన తిరుపతిలో ఉన్నాడు, ఆయన నీళ్లు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి. పైగా నీరు దిగిన చోటే కారదు. స్లాబు మీద షికారు చేసి, వీలున్న బీట చూసుకుని, కింద వాళ్ల హాల్లో ఫ్యాను పక్కన తేలుతుంది. దాంతో తప్పు పైనున్న వంటింటిదా, బాత్రూందా అన్న వ్యాజ్యం మొదలవుతుంది. ఈలోగా లోపల ఇనుప చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును నెట్టి పెచ్చులుగా రాలుస్తుంది. కింద ఇంటివారు లప్పం పెట్టి, రంగు వేసి, అదీ ఓడితే ఫాల్స్ సీలింగ్ బిగిస్తారు. దగ్గు వచ్చిన వాడికి మఫ్లర్ చుట్టినట్టు.

"మా తాతల కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయి?" అన్నది తిరుగులేని వాదనగా వినిపిస్తుంది. తాతగారు పెరట్లో బండ మీద స్నానం చేశారు. ఆయన ఒంటి మీది నీళ్లు అరటిచెట్టుకు పోయాయి. ఆ బండ కింద భూదేవి ఉంది, ఆవిడ ఎప్పుడూ అసోసియేషన్ మీటింగులో ఫిర్యాదు చేయలేదు. మేడల మీద మేడలు కట్టి, ఒకరి నేలను ఇంకొకరి నెత్తి చేశాకే ఈ గొడవ. ఇదంతా కంపెనీలు డబ్బాలు అమ్ముకోవడానికి పుట్టించిన భయం అనేవారికి మొహెంజొదారో చూపించాలి. అక్కడి మహా స్నానవాటిక దాదాపు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మేస్త్రీలు ఇటుకలను జిప్సం సున్నంతో బిగించి, ఆ గోడ వెనక తారులాంటి బిటుమెన్ పొర పూసి, దాన్ని మరో ఇటుక వరసతో కప్పేశారు. వాళ్ల లిపిని మనం ఇంకా చదవలేకపోయాం. వాటర్‌ఫ్రూఫింగ్ మాత్రం చదవగలిగేలానే వదిలి వెళ్లారు.

తప్పంతా మేస్త్రీ మీదికి తోసేయడం న్యాయం కాదు. అతని కూలి పైకి కనిపించే చదరపు అడుగుల మీద, కనిపించని పొర మీద కాదు. అతను మూలలు గుండ్రంగా సిమెంటుతో మలిచి, రెండు చేతులు కోటింగ్ కొట్టి వెళ్లాక, ప్లంబర్ వచ్చి "గొట్టం రెండంగుళాలు ఇటు జరగాలి" అని సుత్తీ ఉలీ తీస్తాడు. గొట్టాల పనంతా అయ్యాకే పూత పూయాలన్నది పెద్ద శాస్త్రమేం కాదు, ఇద్దరినీ ఒకే రోజు రమ్మనకపోతే చాలు.

ఆ తర్వాత చేయాల్సిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. ట్రాప్ మూసేసి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, మట్టం దగ్గర సుద్దతో గీత గీసి, రెండు రోజులాగి, కింద వాళ్ల పైకప్పు చూసి రావాలి. ఈ మాట అనగానే "అమ్మో, రెండు రోజులా! గృహప్రవేశం దగ్గర పడింది" అంటారు, బీజ్‌కీ ఐవరీకీ మధ్య నాలుగు ఆదివారాలు ఊగిన వాళ్లే. ముహూర్తం పాలు పొంగించడానికి పెట్టింది, అది వంటింటి వ్యవహారం. టైల్స్ అతికించాక ఇదే పరీక్ష రెండోసారి చేయడం ఇంకా మంచిది, దాన్ని గృహప్రవేశం రోజునే పెట్టుకున్నా ఇబ్బంది లేదు. చుట్టాలకు రెండో బాత్రూం చూపించి, మొదటిదానికి గొళ్లెం పెట్టి, పసుపు కుంకుమల ప్లేటుతో కింది ఫ్లాటుకు వెళ్లండి. భోజనానికి పిలుస్తూ, పనిలో పనిగా ఒకసారి తలెత్తి చూడండి.